ఎనిమిదో తరగతి నర్సమ్మ

ఒట్టపిడారం పేరు ఎత్తగానే మనవాళ్ళకు ఇద్దరు గుర్తుకొస్తారు. ఒకరు ఆ ఊళ్ళో 1872లో పుట్టి, తెల్లవాడి ఓడలకు పోటీగా 1906లో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టిన వ.ఉ. చిదంబరం పిళ్ళై. రెండవవారు పక్కనున్న పాంచాలంకురిచ్చి పాళెగాడు, 1799లో కయత్తారులో ఉరికంబమెక్కిన వీరపాండ్య కట్టబొమ్మన. ఆయన ఇంటిభాష తెలుగని చెప్పుకుని మనం మురిసిపోతూ ఉంటాం. మురవడంలో తప్పులేదు. కాని చచ్చిన వీరులను తలుచుకున్నంతగా, పుట్టిన బిడ్డలను చేతుల్లోకి అందుకున్నవారిని తలుచుకోము. కోవిల్పట్టి, ఒట్టపిడారం నల్లరేగడిలో తరతరాలుగా పత్తి, సజ్జ పండించుకుంటూ వచ్చిన తెలుగువాళ్ళ కానుపులు ఎవరు చేశారు, వాళ్ళు ఆ పని ఎక్కడ నేర్చుకున్నారు అన్న సంగతి నేను చదివినంతలో మన పత్రికల్లో కనిపించలేదు.

నేను చరిత్రకారుణ్ణి కాను. బి.కాం. చదివి, ముప్ఫై ఏళ్ళకు పైగా బ్యాంకులో లెక్కలు చూసినవాణ్ణి. అయితే మా ఇంట్లో ఒక నర్సమ్మ ఉండేది, మా మేనత్త. ఆమె పెట్టెలోని పుస్తకాలు చూశాక ఈ విషయం వెనక్కి తవ్వుకుంటూ పోయాను.

మొదట మంత్రసాని సంగతి. తమిళ సీమలో కానుపు పని క్షురక కుటుంబాల ఆడవాళ్ళది. ఆ కులానికి మరుత్తువర్ అని, ఆ పని చేసే ఆమెకు మరుత్తువచ్చి అని పేరు. వైద్యుడికి స్త్రీలింగం అన్నమాట. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో ఈ మాట రాశాడు. తెలుగు దేశంలోనూ మంగలి ఇళ్ళ ఆడవాళ్ళు ఈ పని చేయడం ఉంది. పేరు వైద్యురాలని పెట్టినా మర్యాద మాత్రం లేదు. పురుడు అంటు, ఆ అంటును ముట్టుకునే మనిషీ అంటే. పిలిచేటప్పుడు పరుగున పిలుస్తారు. పని అయ్యాక పెరటి దారిన పంపిస్తారు. కూలి అంటే నాలుగు మానికల ధాన్యం, ఒక పాత చీర.

ఆమెకు తెలియనిది ఏమీ లేదనుకోవడం పొరపాటు, ఏమీ తెలియదనడం ఇంకా పెద్ద పొరపాటు. బిడ్డ అడ్డం తిరిగిందో, తల కిందికి దిగిందో కడుపు మీద చెయ్యి వేసి చెప్పగలిగేది. కాని ఆ చేతికి సబ్బు తెలియదు. బొడ్డు కోసిన కొడవలికి మరిగే నీళ్ళు తెలియవు. పుట్టిన వారంలోపు దవడ బిగుసుకుని పోయే పసిగుడ్డుకు ఏ దయ్యమో పట్టిందన్నారు. పది రోజుల్లో జ్వరంతో పోయిన బాలింతకు దిష్టి తగిలిందన్నారు. పెద్ద పెద్ద డాక్టర్లదీ ఒకప్పుడు ఇదే తంతు. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవాలను కోసిన చేతులతోనే కానుపులు చేసే తోటి డాక్టర్లను చేతులు కడుక్కోమంటే వాళ్ళకు కోపం వచ్చింది. మురికి చేతుల పాపమంతా మంత్రసాని నెత్తినే రుద్దడం న్యాయం కాదని చెప్పడానికే ఈ మాట.

శిక్షణ అనేది మన రాజధానిలో తొందరగానే మొదలయింది. మద్రాసు ఎగ్మూరులో ప్రసూతి ఆసుపత్రి 1844లో వచ్చింది. మంత్రసానులకు పాఠశాల 1854లో. 1871లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ ఆరు నెలల కోర్సుగా ఆరంభమయింది, విద్యార్థినులు నలుగురు! అక్కడ చేరినవారు చాలాకాలం దాకా ఎక్కువగా దొరల ఇళ్ళవారు, ఆంగ్లో ఇండియన్లు, తర్వాత దేశీ క్రైస్తవులు. ఒట్టపిడారం మరుత్తువచ్చికి ఎగ్మూరు కాశీ కంటే దూరం. 1885లో వైస్రాయి భార్య లేడీ డఫరిన్ పేర ఒక నిధి, 1903లో లేడీ కర్జన్ చొరవతో విక్టోరియా మహారాణి పేర మరొక నిధి వచ్చాయి. రెండవది ప్రత్యేకంగా ఊరి దాయీలకు చదువు చెప్పడానికే. పాఠానికి వచ్చినందుకు ఉపకార వేతనం కూడా ఇచ్చారు. అయినా అనుకున్నంత పని జరగలేదు. దానికి కారణం కనుక్కోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. పాఠానికి కూర్చున్న పూట ఊళ్ళో కానుపు తప్పిపోతుంది. కానుపు తప్పితే ఆ ఇల్లు తప్పిపోతుంది. రాయడం చదవడం రాని మనిషికి, కటిలో ఎముకలు ఎన్ని అని బొమ్మ గీసి అడిగారు. పిల్లతల్లిని లేపి కూర్చోబెట్టడం తెలిసిన మనిషి బొమ్మ ముందు తెల్లమొహం వేసింది.

1926లో మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చింది. శిక్షణ పొంది పరీక్ష గెలిచినవారి పేర్లు ఒక రిజిస్టరులో ఎక్కాలి. దేశంలో ఇలాంటి చట్టాల్లో ముందు వరుసలోది. లెక్కలవాణ్ణి గనుక నాకు రిజిస్టరు అంటే గౌరవం. ఏ రిజిస్టరయినా ఒక గీత గీస్తుంది. గీతకు ఇవతల ఉన్నవాళ్ళకు పేరుంటుంది, అవతల ఉన్నవాళ్ళు చేసిన పని ఉన్నా లేనట్టే. స్వాతంత్ర్యం ముందు 1946లో భోర్ కమిటీ లెక్క తేల్చింది. దేశం మొత్తానికి నర్సులు ఏడువేలు, అంటే 43,000 మందికి ఒకరు. శిక్షణ పొందిన మంత్రసానులు ఐదువేలు, 60,000 మందికి ఒకరు. మిగతా కానుపులన్నీ గీతకు అవతలే జరిగాయి.

ఇంత కొరత ఉన్నచోట పూర్తి నర్సు తయారయ్యేదాకా జనం ఆగుతారా? ఈ ప్రశ్న మనకే కాదు, అన్ని దేశాలకూ వచ్చింది. అమెరికాలో ఇళ్ళల్లో రోగులను చూసుకునే ఆడవాళ్ళకు 1890లలోనే న్యూయార్కులో వై.డబ్ల్యు.సి.ఎ. వారు మూడు నెలల పాఠం పెట్టారు. అలాంటివారికి ప్రాక్టికల్ నర్సు అని పేరు. మిసిసిపీ రాష్ట్రం 1914లో వారికోసం చట్టం చేసింది. ఇంగ్లండులో యుద్ధకాలంలో, 1943 చట్టంతో, సహాయ నర్సులకు వేరే పట్టీ తెరిచారు. మన దేశంలో 1947 చట్టం కింద ఏర్పడిన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 1950లో ఒక నిర్ణయం చేసింది: ఇకమీదట రెండే తరగతులు. ఒకటి పూర్తి నర్సు. రెండవది ఆగ్జిలియరీ నర్స్ మిడ్‌వైఫ్, అనగా ఏ.ఎన్.ఎం. ఏడెనిమిది తరగతులు చదివిన పిల్లకు రెండేళ్ళ శిక్షణ, నర్సు పనీ మంత్రసాని పనీ కలిపి. మొదటి బడి 1951లో పంజాబులో, తరన్ తారన్ ఊరి సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో తెరిచారు. కొద్ది ఏళ్ళల్లో ఆ కోర్సు మన జిల్లాలకూ వచ్చింది.

ఎనిమిదో తరగతి అంటే ఇప్పటివాళ్ళకు నవ్వు రావచ్చు. 1955లో మా పల్లెలో ఎనిమిదో తరగతి దాటిన ఆడపిల్ల లేదు. మా అత్త చదివింది ఐదు. పదిహేడో ఏట పెళ్ళి, పంతొమ్మిదో ఏట విధవ. మా ఇంట్లో వెనకగది ఆమె పాలిట ప్రపంచం.

ఆ గది తలుపు తీసినది చుట్టరికం లేని ఒక తెలుగు ఇల్లాలు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు మన పాఠకులకు కొత్త కాదు. 1909లో రాజమండ్రిలో పుట్టి, ఎనిమిదేళ్ళకే పెళ్ళయి, ఆ పెళ్ళిని తెంచుకుని, చదువు వెనక పరుగెత్తిన మనిషి. మద్రాసులో 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టి, బడి వయసు దాటిపోయిన ఆడవాళ్ళను బెనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షకు కూర్చోబెట్టింది. తమిళ నగరంలో తెలుగు స్త్రీ నడిపిన ఆ చిన్న తరగతే దేశానికి నమూనా అయిందని నా అభిప్రాయం. 1953లో ఆమె కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయింది. దేశమంతటా గ్రామ సేవికలు, మంత్రసానులు, నర్సులు కావాలి, శిక్షణకు డబ్బు ఉంది, చేరడానికి అర్హత ఉన్న ఆడవాళ్ళు లేరు. ఇంకో పక్క విధవలు, భర్త వదిలేసినవాళ్ళు పని లేక ఇళ్ళల్లో పడి ఉన్నారు. మధ్యలో తక్కువైనది నాలుగు తరగతుల చదువు. 1958లో బోర్డు తెచ్చిన సంక్షిప్త విద్యా కోర్సు ఆ సందులో వేసిన వంతెన. ఇరవై దాటిన స్త్రీలకు రెండేళ్ళల్లో మిడిల్ స్కూలు పరీక్షో మెట్రిక్కో గట్టెక్కించడం, తర్వాత శిక్షణకు పంపడం. తిండి, బస కోసం ఎవరినీ చెయ్యిచాచనక్కర లేదు.

మా అత్తకు ఈ సంగతి ఎవరు చెప్పారో ఆమెకే గుర్తులేదు. తాతను ఒప్పించడానికి ఆరు నెలలు పట్టిందట. చదువుకు ఆయన అడ్డు చెప్పలేదు. అభ్యంతరమంతా చదువు తర్వాతి పనికే. "నాయుళ్ళ ఇంటి పిల్ల మరుత్తువచ్చి పని చేయడమా?" ఆ మాటకు మా అవ్వ, "ఇంట్లో కూర్చోబెట్టి నువ్వేం చేయిస్తున్నావు?" అన్నదట. 1959లో కోర్సులో చేరింది. 1961లో ఎనిమిదో తరగతి పరీక్ష ఇచ్చి, తిరునెల్వేలి వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో ఏ.ఎన్.ఎం.కు చేరింది.

ఆ రెండేళ్ళ శిక్షణ ఎలా ఉండేదో ఆమె ఎప్పుడూ వరుసగా చెప్పలేదు. పెట్టెలో రెండు పుస్తకాలు దాచుకుంది. మొదటిది కేసు పుస్తకం. విద్యార్థిని ఇన్ని కానుపులు పక్కన నిలబడి చూడాలి, ఇన్ని సిస్టరమ్మ ఎదుట తన చేతులతో చేయాలి, అందులో కొన్ని ఇళ్ళకు వెళ్ళి చేయాలి. ప్రతి కానుపుకూ ఒక పుట: నొప్పులు మొదలైన వేళ, ఉమ్మనీరు పోయిన వేళ, బిడ్డ పుట్టిన వేళ, మావి పడిన వేళ, నెత్తురు ఎంత, బిడ్డ ఏడ్చిందా. కింద సిస్టరమ్మ సంతకం. సంతకం లేని పుట లెక్కలోకి రాదు. మా బ్యాంకులో వోచరుకు రెండో సంతకం లేకపోతే ఎలాగో అలాగే.

రెండవది రూళ్ళ నోటు పుస్తకం, అసలు నిధి అదే. పాఠం తమిళంలో, మందుల పేర్లు ఇంగ్లీషులో, ఆమె తల తెలుగులో. తెలుగు లిపి ఆమెకు రాదు, మనలో చాలామందిలాగానే. అందుకని తమిళ అక్షరాల్లోనే ఒక వైపు తమిళ మాట, పక్కన తెలుగు మాట రాసుకుంది. తొప్పుళ్ కొడి అంటే బొడ్డుతాడు. పనిక్కుడం అంటే ఉమ్మనీటి సంచి. తమిళులు మంచు కుండ అన్నారు, ఎంత అందమైన మాట! నచ్చుక్కొడి అంటే మావి. విషపు తీగ అని అర్థం, లోపల ఉండిపోతే ప్రాణం తీస్తుంది గనుక ఆ పేరు. ఒక్క మాట ఎదురుగా మాత్రం ఆమె రెండు వైపులా ఒకటే రాసింది. బిడ్డను బయటికి తోయడానికి తల్లిని ఏమనాలి? ముక్కు. తమిళంలోనూ ముక్కే, తెలుగులోనూ ముక్కే. పక్కన చిన్న అక్షరాలతో "ఇది సులువు" అని రాసుకుంది.

1963లో ఒట్టపిడారం పంచాయతీ యూనియన్ పరిధిలో ప్రసూతి కేంద్రానికి వచ్చింది. యూనిసెఫ్ వారి అల్యూమినియం పెట్టె చేతిలో. అందులో కత్తెర, దారం, గిన్నె, సబ్బు, గోళ్ళ బ్రష్షు, బిడ్డ గుండె వినే గొట్టం. నెల మొదట్లో జీతం చేతికి వచ్చే ఆడది మా వంశంలో ఆమె మొదటిది. మా తాత ఆ జీతం ముట్టుకోనని రెండేళ్ళు భీష్మించి, మూడో ఏట బావి పూడిక తీయించడానికి పుచ్చుకున్నాడు.

ఊరి మరుత్తువచ్చితో తగాదా వస్తుందని అందరూ ఎదురుచూశారు. రాలేదు. అత్త మొదటి నెలలోనే ఆమె ఇంటికి వెళ్ళి, "అక్కా, నాకు పుస్తకం తెలుసు, నీకు మనుషులు తెలుసు" అని కూర్చుందట. పిలుపు వస్తే ఇద్దరూ కలిసి వెళ్ళేవారు. నీళ్ళు మరగబెట్టడం, బ్లేడు ఉడకబెట్టడం ఆమెకు నేర్పింది. ఆమె దగ్గర తాను నేర్చుకున్నది ఏమిటని అడిగితే, "తొందరపడకుండా ఉండడం" అనేది.

ఇంకొక సంగతి ఉంది, రాయడానికి సిగ్గుగానే ఉంటుంది. ఊరి చివర అరుంధతియర్ పేట. వాళ్ళ ఇంటిభాష తెలుగు. మనదీ తెలుగే. అయినా మా ఇంటి గడప దాటి ఆ పేట గడప తొక్కినవారు అంతవరకూ మా ఇంట్లో లేరు. అత్త మొదటిసారి అర్ధరాత్రి ఆ పేటకు పోయినప్పుడు, నొప్పులు పడుతున్న ఆ పిల్ల తమిళం మరిచిపోయి "అమ్మా, నా వల్ల కాదే" అని తెలుగులో అరిచిందట. "అవుతుందిలే తల్లీ, ముక్కు" అని అత్త తెలుగులోనే బదులు చెప్పింది. ఇంటికి వచ్చాక అవ్వ ఆమెను బావి దగ్గరే నిలబెట్టి తలస్నానం చేయించింది. తర్వాత తర్వాత ఎన్నిసార్లని చేయిస్తుంది? మానేసింది. భాషా సేవ గురించి సభల్లో మాట్లాడే మనం ఈ ఒక్క రాత్రిని లెక్కలో వేసుకుంటే బాగుండును.

ఈ కథ ఇలాగే సాగలేదు. 1973లో కర్తార్ సింగ్ కమిటీ అన్ని ఆరోగ్య పనులనూ ఒక్కరి చేత చేయించాలని చెప్పింది. 1977లో ఏ.ఎన్.ఎం. పేరు బహుళార్థ ఆరోగ్య కార్యకర్త అయింది. అర్హత పదో తరగతి, శిక్షణ పద్దెనిమిది నెలలు. అప్పటికే ఎమర్జెన్సీ వచ్చిపోయింది. కుటుంబ నియంత్రణ కేసులు ఇన్ని తేవాలని నర్సుల నెత్తిన కోటా పెట్టారు. నాకు తొమ్మిదేళ్ళు. అత్త పెట్టె పట్టుకుని వీధిలోకి వస్తే, ఆమె చేతుల మీద బిడ్డలను కన్న ఆడవాళ్ళే తలుపులు వేసుకోవడం చూశాను. పన్నెండేళ్ళ నమ్మకం రెండేళ్ళలో కరిగింది. తిరిగి రావడానికి చాలాకాలం పట్టింది.

తమిళనాడులో ఆ ఉద్యోగానికి తర్వాత గ్రామ సుకాదార సెవిలియర్ అని పేరు వచ్చింది. టీకాలు, మాత్రలు, రిజిస్టర్లు పెరిగాయి. ఊళ్ళో కానుపులు తగ్గాయి. 2000 తర్వాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఇరవైనాలుగు గంటలూ స్టాఫ్ నర్సులు ఉండడం మొదలయ్యాక ఇంట్లో కానుపు దాదాపు లేనేలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 99.6 కానుపులు ఆసుపత్రిలోనే. దేశం మొత్తానికి 88.6. ఇది చిన్న విజయం కాదు. పాతకాలమే మేలని నేను అనను. దవడ బిగిసి పోయిన పసిగుడ్లను లెక్కపెట్టినవాళ్ళు ఎవరూ అనరు.

నా గొడవ ఇంకొకటి. ఏ.ఎన్.ఎం. అర్హత ఎనిమిది నుంచి పదికి, 2010 తర్వాత పన్నెండుకు పెరిగింది, శిక్షణ మళ్ళీ రెండేళ్ళయింది. పెరగవలసిందే. ఇప్పటి మందులు, సూదులు, కంప్యూటరు రాతలు ఎనిమిదో తరగతితో అయ్యేవి కావు. ఇంగ్లండులో కూడా 1943లో తెరిచిన ఆ రెండో పట్టీకి కొత్త శిక్షణను తర్వాత ఆపేశారు. కాని మెట్టు ఎత్తు పెంచినప్పుడు, కింద నిలబడినవాళ్ళకు ఒక పీట వేయాలి గదా. దుర్గాబాయి వేసినది ఆ పీటే. మెట్టు పెరిగినంతగా పీట పెరగలేదు. ఆ సందులోకి అంగడి వచ్చింది.

2001లో బ్యాంకుల సంఘం విద్యా రుణాల పథకం తెచ్చింది. నాలుగు లక్షల దాకా హామీ అక్కర్లేదు. కోవిల్పట్టి, విరుదునగరం పల్లెల నుంచి నర్సింగ్ చదువుకు దరఖాస్తులు కట్టలుగా వచ్చాయి. అగ్గిపెట్టెల పనికి పోయే తల్లులు, మిల్లు పని పోయిన తండ్రులు వేలిముద్రలు వేసి ఇచ్చినవి. కొన్ని నేనే మంజూరు చేశాను. ఆ పిల్లల్లో గల్ఫు దేశాలకు పోయి అప్పు తీర్చి, మా శాఖలోనే డిపాజిట్టు వేసినవాళ్ళు ఉన్నారు. చదువు అయ్యాక నెలకు వచ్చేది వడ్డీకి కూడా చాలక నోటీసులు అందుకున్నవాళ్ళూ ఉన్నారు.

2009లో ఒక అమ్మాయి వచ్చింది. ఒట్టపిడారం వైపు పల్లె. పదో తరగతి తప్పింది. ఒక మేడ మీద రెండు గదుల్లో నడిచే సంస్థలో ఏడాది ప్రాక్టికల్ నర్సింగ్ చదివి సర్టిఫికెట్టు తెచ్చుకుంది. దాని కోసం ఊళ్ళో చేసిన వడ్డీ అప్పును తీర్చడానికి బ్యాంకు రుణం అడిగింది. ఆ సంస్థకు నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు లేదు. నియమం ప్రకారం నేను ఇవ్వడానికి లేదు, ఇవ్వలేదు. ఆ మాట చెబుతుంటే ఆమె, "గుర్తింపు లేకపోతే మరి నన్ను నర్సింగ్ హోములో రాత్రి డ్యూటీకి ఎందుకు పెట్టుకున్నారు సార్?" అని తెలుగులో అడిగింది. నా బల్ల మీది పేరు చూసి తెలుగువాణ్ణని పోల్చుకుంది కాబోలు. జవాబు నా దగ్గర లేదు. జీతం ఎంతని అడిగితే చెప్పింది. మా శాఖ ఊడ్చే ఆమెకు అంతకంటే ఎక్కువ వచ్చేది.

ఆదివారం ఆమెను మా ఇంటికి రమ్మన్నాను. అత్తకు అప్పుడు డెబ్భై దాటాయి, చూపు తగ్గింది. బంగారు అంచు వేసిన ఆ సర్టిఫికెట్టును చేత్తో తడిమి పక్కన పెట్టింది.

"ఎన్ని కానుపులు చూశావమ్మా?"

"చూశానవ్వా, చాలా చూశాను. రాత్రిపూట డాక్టరమ్మ వచ్చేలోపు నేనే పట్టుకున్నవీ ఉన్నాయి."

"నీ కేసు పుస్తకం తెచ్చావా?"

ఆ అమ్మాయికి ఆ మాట అర్థం కాలేదు. అత్త నన్ను పిలిచి తన పెట్టె తెమ్మంది. సాయంత్రం నాలుగింటికి కూర్చున్నవాళ్ళు దీపాలు పెట్టేదాకా లేవలేదు. నోటు పుస్తకంలోని తమిళ అక్షరాలను ఆ పిల్ల వేలు పెట్టి చదువుతుంటే, తప్పు పలికిన తెలుగు మాటలను అత్త దిద్దుతూ కూర్చుంది.